పైబడి గేటు తాళం

నేను మనసులో పెట్టుకునే రకం. సబ్బవరం దగ్గర మా ఊళ్ళో పొలం గట్టు జరిపిన వాళ్ళతో మా అమ్మ బతికినన్నాళ్ళూ మాట్లాడలేదు. ఆ పొలంలో నాకు సెంటు కూడా రాలేదు గాని, ఆవిడ గుణం మాత్రం మొత్తం నాకే వచ్చింది. అందుకని ముందే చెప్పేస్తున్నాను. ఇందులో నేను చేసిన పని పిల్లల మీద ప్రేమతో మొదలుపెట్టలేదు, ఒక మనిషి మీద కక్షతో మొదలుపెట్టాను. ప్రేమ కూడా దారిలో ఎక్కడో వచ్చి కలిసిందేమో, దాన్ని నేనైతే పిలవలేదు.

విశాఖపట్నం పాతనగరంలో, హార్బరు వైపు నుంచి పైకి ఎక్కే సందులో కింద ఉన్నది నా బడి. అదే సందులో మెట్లెక్కి వెళితే ఆయన బడి. రెండూ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలే. రెండింటి గోడలకీ ఒకటే రంగు, రెండింటి మీదా పోర్టు నుంచి వచ్చే ఒకటే బొగ్గు పొడి. జనం మాత్రం కిందబడి, పైబడి అంటారు. ఆ మాటల్లో ఉన్నది మెట్ల తేడా ఒక్కటే కాదని నేను ఉద్యోగంలో చేరిన ఏడాదే తెలిసింది.

పైబడికి వెళ్ళేది ఎక్కువగా పోర్టులో చిన్న ఉద్యోగాలున్న వాళ్ళ పిల్లలు, కాస్త నడిచే కొట్లున్న వాళ్ళ పిల్లలు. వాళ్ళ తల్లులు ఇంట్లో ఉంటారు. నూనె రాసి తల దువ్వి, నీళ్ళ సీసా మెడకి తగిలించి పంపిస్తారు. నా బడికి వచ్చేది చేపలమ్మే ఆడవాళ్ళ పిల్లలు, రేకు పెట్టెలు చేసే ముస్లిం కుటుంబాల పిల్లలు, కుట్టుమిషన్ మీద బతికే వాళ్ళ పిల్లలు, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి తాపీ పనికి వచ్చిన వాళ్ళ పిల్లలు. తాపీ పనివాళ్ళు ఒక మేడ పూర్తయితే ఇంకో మేడకి పోతారు. అచ్యుతాపురంలో ఫ్యాక్టరీ షెడ్లు లేస్తున్నాయంటే అటు పోతారు. పిల్లలూ వాళ్ళతోటే. నా దగ్గర ‘అ’ నుంచి ‘ఔ’ దాకా నేర్చుకున్న పిల్ల ‘క’ ఎక్కడ నేర్చుకుంటుందో నాకు తెలిసేది కాదు.

మా ఉద్యోగాల్లో ఒక లెక్క ఉంది. పిల్లలు ఇంతమంది ఉంటే టీచర్లు ఇంతమంది. ఏటా ఒకసారి ఆ లెక్క తీస్తారు. పిల్లలు తగ్గిన బడి నుంచి టీచరుని తీసి పెరిగిన బడికి వేస్తారు. మరీ తగ్గిపోతే ఆ బడినే పక్కదాంట్లో కలిపేసి గదికి తాళం పెడతారు. అందుకే బళ్ళు తెరిచే రోజుల్లో మేం టీచర్లం ఎండలో ఇల్లిల్లూ తిరిగి, ఓట్లు అడిగే వాళ్ళలాగే చేతులు జోడించి, మీ పిల్లల్ని మా బడికి పంపండి అని అడుగుతాం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కాకపోతే ఒకరి బడికి వెళ్ళే పిల్లల్ని ఇంకొకరు అడగకూడదన్నది మాలో మాకు ఒక మర్యాద.

ఆ మర్యాదని ఆయన కాలరాశాడు. ఆయనంటే పైబడి హెడ్మాస్టరు. టీచర్లందరికీ జరిగిన ఒక సమావేశంలో, ఏ బడిలో ఎంతమంది ఉన్నారని అధికారి అడుగుతుంటే, నా వంతు వచ్చినప్పుడు నేను నోరు తెరిచే లోపే ఆయన అందుకున్నాడు.

“కిందబడి సంగతి వేరండి. అది బడి కాదు, బస్టాండు. ఎక్కేవాళ్ళు ఎక్కుతుంటారు, దిగేవాళ్ళు దిగుతుంటారు.”

హాలంతా నవ్వారు. అధికారీ నవ్వాడు. నా పక్కన కూర్చున్న మా బడి రెండో టీచరు, నాకంటే చాలా చిన్నది, ఆ అమ్మాయి కూడా నవ్వి, నా మొహం చూసి ఆపేసింది. నా చేతిలో టీ గ్లాసు ఉంది. అది ఆయన మీద పోయకుండా తాగేసినందుకు నన్ను నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను.

అక్కడితో పోతే సరిపోయేది. కొన్నాళ్ళకి మా బడిలో మధ్యాహ్నం భోజనం వండే ఆవిడ పప్పు కడుగుతూ, మాటల్లో మాటగా అడిగింది.

“మేడమ్, మన బడి మూసెత్తారంట కదా? పైబడి మేష్టారు కొట్టుకాడ సెప్పినారంట. పిల్లల్ని ఇప్పుడే మార్పించుకోపోతే తరవాత సోటుండదన్నారంట.”

మూసేస్తారని నాకు తెలియదు, అధికారులకీ తెలియదు. ఆయనకి మాత్రం తెలిసిపోయింది. ఆ మాట సందంతా పాకింది. కొట్టు దగ్గర ఒకరు విన్నారు, కుళాయి దగ్గర పదిమంది విన్నారు. వారం తిరిగేసరికి నా వరసల్లో ఖాళీలు కనపడటం మొదలైంది. లెక్క తీసే రోజుకి నాకు మిగిలింది పంతొమ్మిది మంది. అనుకున్నట్టే మా రెండో టీచరుని తీసేశారు. తీసి ఎక్కడ వేశారు? పైబడిలో. మూసేస్తారన్న మాట వల్లే మూసే పరిస్థితి వచ్చింది. ఇంకో ఏడాది ఇలాగే ఉంటే నా బడి నిజంగానే పోతుంది.

అడగడానికి మెట్లెక్కి వెళ్ళాను. ఆయన ఏమాత్రం తడుముకోలేదు. ఉన్న మాటే అన్నానన్నాడు. రేపో మాపో ఎలాగూ మూసేదే అన్నాడు. బడి మూసేస్తే నాకూ మంచిదేనట, రుషికొండ వైపు ఏదో గాలి తగిలే చోటికి హాయిగా వెళ్ళిపోవచ్చట. ఆ ‘హాయిగా’ అన్న మాట పంటి కింద రాయిలా ఉండిపోయింది. ఆ రోజే నిర్ణయించుకున్నాను. నా బడి నిలబడటం ఒక్కటే నాకు సరిపోదు. ఆయన బడి ఖాళీ కావాలి. ఖాళీ గదిలో ఆయన ఒక్కడూ కూర్చుని గోడలకి ఎక్కాలు చెప్పుకోవాలి. ఇంట్లో బెండకాయలు తరుగుతూ ఆ దృశ్యం ఊహించుకునేదాన్ని. ఆ ఏడాది మా ఇంట్లో బెండకాయ ముక్కలు చాలా సన్నగా ఉండేవి.

కానీ ఎలా? చెడ్డ మాస్టారైతే నా పని సులువయ్యేది. ఆయన లెక్కలు బాగా చెబుతాడు. సెలవు పెట్టడు. పిల్లల మీద చెయ్యి చేసుకోడు. ఒంటి మీద ఇస్త్రీ మడత నలగదు. ఎక్కడ పట్టుకోవాలో తెలియక కొన్ని నెలలు నా పంతొమ్మిది మందితో, ఐదు తరగతులూ ఒకే గదిలో పెట్టుకుని, ఒక గోడకి తిరిగి కూడికలు, ఇంకో గోడకి తిరిగి గుణింతాలు చెబుతూ పళ్ళు నూరుకున్నాను.

ఒకరోజు మా బడికి రావాల్సిన కోడిగుడ్లు పొరపాటున పైబడిలో దింపేశారు. పిల్లల్ని వంటావిడకి అప్పజెప్పి నేను పైకి వెళ్ళాను. గేటుకి తాళం ఉంది. లోపల ప్రార్థన జరుగుతోంది. గేటు ఊపాను. ఆయన నింపాదిగా వచ్చి, చువ్వల అవతల నిలబడి, చేతి గడియారం చూసుకున్నాడు.

“తొమ్మిది దాటింది కదమ్మా. మీకు తీస్తే వీళ్ళందరికీ తియ్యాలి. తరవాత రండి.”

వీళ్ళందరూ ఎవరా అని అప్పుడు చూశాను. గేటు పక్కన గోడ నీడలో డజను మంది పిల్లలున్నారు. సంచులు కింద పెట్టి, అలవాటైన వాళ్ళలాగా గోడకి ఆనుకుని నిలబడ్డారు. సగం మంది నాకు తెలుసు. నా దగ్గర నుంచి పైబడికి మారినవాళ్ళే. అందులో నాలుగో తరగతి పిల్ల ఒకతి, చేపలమ్మే ఆవిడ కూతురు, చంకలో ఏడాది దాటని తమ్ముణ్ణి వేసుకుని ఉంది. రోజూ ఇలాగే నిలబడతారా అని అడిగాను.

“కాసేపు నిలబడతామండి. తియ్యకపోతే ఎల్లిపోతాం.”

పొద్దున్నే ఎందుకు రాలేకపోతున్నావంటే, అమ్మ తెల్లవారకముందే హార్బరుకి వెళ్ళి, వేలంలో చేపలు పాడుకుని, గంపకెత్తుకుని వచ్చేదాకా తమ్ముణ్ణి తనే చూడాలంది. చెబుతూనే నా వైపు అనుమానంగా చూసింది.

“మీ బడికి తాలం ఉందా టీచర్?”

మా గేటుకి కీలే విరిగిపోయింది, తాళం ఎక్కడిదన్నాను.

“మరి తమ్ముడ్ని తెచ్చుకోవచ్చా?”

“తెచ్చుకో” అన్నాను.

ఆ పిల్ల సంచి భుజాన వేసుకుని నా వెనకే మెట్లు దిగింది. ఆ పిల్ల వెనక ఇంకో ముగ్గురు దిగారు. కోడిగుడ్ల సంగతి నేను మరిచేపోయాను.

ఆయన తాళం ఏమిటో నాకు ఆ మెట్ల మీదే అర్థమైంది. తొమ్మిదికి తాళం వేస్తే బయట ఉండిపోయేది బద్ధకస్తులు కాదు. వాళ్ళు ఆయనకంటే ముందు లేచినవాళ్ళు. తల్లి హార్బరు నుంచి వచ్చేదాకా పసివాళ్ళని కాసినవాళ్ళు. మదరసాలో పొద్దుటి పాఠం చదువుకుని పరుగెత్తుకొచ్చేవాళ్ళు. మా సందులో కుళాయి వచ్చే వేళకి బిందెల వరసలో నిలబడ్డవాళ్ళు. తల్లి ఇంట్లో ఉండి తల దువ్వే పిల్లలు మాత్రమే తొమ్మిదికి ముందు ఆ గేటు దాటగలరు. నా పిల్లల్ని లెక్క కోసం చేర్చుకున్నాడు, తాళంతో జల్లెడ పట్టి బయట పారేశాడు. పేర్లు ఆయన దగ్గర, పిల్లలు వీధిలో. నాకు ఎంత కోపం వచ్చిందో అంత సంతోషమూ వేసింది. పట్టుకోవడానికి చోటు దొరికింది.

మర్నాటి నుంచి, వచ్చిన పిల్లల్ని వంటావిడకి అప్పజెప్పి, తొమ్మిదయ్యేసరికి పైబడి గేటు దగ్గర నేనుండేదాన్ని. దాక్కుని కాదు, ఆయనకి బాగా కనపడే చోట, ప్రార్థనకి ఎదురుగా. ఆయన వచ్చి తాళం వేసేవాడు. నేను నమస్కారం మాస్టారూ అనేదాన్ని. బయట నిలబడ్డ వాళ్ళని వరసలో పెట్టుకుని మెట్లు దిగేదాన్ని. సాయంత్రం ఆ పిల్లల ఇళ్ళకి వెళ్ళి, తల్లులతో మాట్లాడి, ఒప్పుకున్నవాళ్ళ పేర్లు నా బడికి మార్పించేదాన్ని. ఒక ఇంటికి వెళితే పక్కిళ్ళ పిల్లలూ కలిసేవారు. మదరసాకి వెళ్ళి పొద్దుటి చదువు ఎప్పుడు అవుతుందో కనుక్కున్నాను. అది అయ్యేదాకా మా బడిలో కొత్త పాఠం మొదలుపెట్టకుండా కథలు, పాటలు, రాగిజావ. ఆలస్యంగా వచ్చిన ఏ పిల్లనీ ఎందుకు లేటయిందని అడగలేదు. నాకు ఎందుకో తెలుసు కాబట్టి.

ఆయన నా మీద ఫిర్యాదు చేశాడు. అధికారి ఫోను చేసి ఏమిటమ్మా ఇది అన్నాడు. బడి బయట ఉన్న పిల్లల్ని బడిలో చేర్చమని మీరే కదండీ చెప్పారు, ఆయన గేటు బయట ఉన్నవాళ్ళు బడి బయట ఉన్నట్టా లోపల ఉన్నట్టా, మీరే చెప్పండి అన్నాను. అధికారి ఫోను పెట్టేశాడు.

ఆ ఏడాది చివరికి నా గది జాతర అయిపోయింది. పిల్లలు అరవై దాటారు, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నా గదిలో పట్టేవారు కాదు. మూడో తరగతి వరండాలోకి వెళ్ళింది, ఒకటో తరగతి వంటగది గుమ్మంలోకి వెళ్ళింది. చంకపిల్లలు నా బల్ల పక్కన చాప మీద పడుకునేవారు. ఒకడు ఏడిస్తే మిగతావాళ్ళు అందుకునేవారు. బడి ఎదురుగా రేకు పెట్టెలు చేసే ఆయన, మా పిల్లల్లో ఇద్దరికి తండ్రి, నేను పాఠం చెప్పేటప్పుడు సుత్తి ఆపి రేకులు కత్తిరించే పని పెట్టుకునేవాడు. నా గొంతు రెండుసార్లు పూర్తిగా పోయింది. డాక్టరు మాట్లాడొద్దన్నాడు. నేను చేత్తో సైగలు చేసి పాఠం చెప్పాను. గొంతు పోయినా కక్ష పోలేదు.

మళ్ళీ లెక్క తీశారు. నా బడికి రెండో టీచరు మంజూరైంది. బడి మూసే మాట ఎత్తేవాళ్ళు లేరు. అంతకంటే తియ్యటి సంగతి, పైబడిలో పిల్లలు తగ్గిపోయారని అక్కడ హెడ్మాస్టరు పోస్టు ఎత్తేశారు. నేను కోవా తెప్పించి పిల్లలందరికీ పంచాను. ఏమిటి విశేషమని వంటావిడ అడిగితే పుట్టినరోజన్నాను. ఎవరిదో చెప్పలేదు.

కోవా ఇంకా నోట్లో కరగలేదు, ఆర్డరు వచ్చింది. పోస్టు పోయిన మనిషిని ఎక్కడో ఒకచోట వెయ్యాలి కదా. పిల్లలు పెరిగిన బడికి వేశారు. నా బడికి. సర్వీసులో నాకంటే పెద్ద కాబట్టి ఇక బడి పెద్ద కూడా ఆయనే. ఏడాది పాటు ఆయన గేటు ముందు నిలబడి నేను సంపాదించిన రెండో కుర్చీలో ఆయన్ని కూర్చోబెట్టారు. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. మా ఆయన నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయాడు.

ఆయన వచ్చిన రోజే వెల్డింగు మనిషిని పిలిపించి గేటుకి కీలు వేయించాడు. పాత తాళం ఆయన సంచిలోనే ఉంది. అది బల్ల మీద పెట్టి, ఇదివరకు ఏం జరిగినా జరిగింది, క్రమశిక్షణ లేని బడి బడి కాదు, రేపటి నుంచి తొమ్మిదికి గేటు మూస్తామని నాతో అన్నాడు. సరేనండి అన్నాను. అంత సులువుగా ఒప్పుకున్నందుకు ఆయనకి అనుమానం రావలసింది. రాలేదు.

మర్నాడు తొమ్మిదికి కాస్త ముందు నేను నా సంచి, చాక్‌పీసులు తీసుకుని గేటు దాటి బయటికొచ్చి నిలబడ్డాను. ఆయన తాళం వేశాడు. వేశాక నన్ను చూశాడు. లోపల ఇరవై మంది ఉంటారేమో. మిగతావాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, కొత్తగా మూసి ఉన్న గేటు చూసి, నా వైపు చూశారు. మదరసా నుంచి గుంపు వచ్చింది. కుళాయి దగ్గర నుంచి తడి గౌన్లతో వచ్చారు. రేకు పెట్టెలాయన చూస్తూ చూస్తూ, ఏమీ అడగకుండా పెట్టెలన్నీ లోపలికి జరిపి అరుగు ఖాళీ చేశాడు. పిల్లల్ని అరుగు మీద, మెట్ల మీద కూర్చోబెట్టి ఆ అరుగు గోడనే నల్లబల్ల చేసుకుని నేను పాఠం మొదలుపెట్టాను.

గేటు లోపల మాస్టారు కాసేపు అటూ ఇటూ నడిచాడు. మాకు హాజరు ఫోనులో పంపాలి. ఆ వేళ దగ్గర పడుతోంది. గేటు దగ్గరికి వచ్చి చువ్వలు పట్టుకున్నాడు.

“ఏటమ్మా ఇది? లోపలికి రండి.”

“తొమ్మిది దాటింది కదండీ. నాకు తీస్తే వీళ్ళందరికీ తియ్యాలి.”

ఆయన మొహం కందగడ్డ అయింది. అవతల ఇరవై మంది, ఇవతల నలభై మందికి పైన. మీకు లెక్కలు బాగా వచ్చు కదా మాస్టారూ, ఈ అంకె పంపిస్తే వచ్చే ఏడాది మనిద్దరిలో ఎవరికి పోస్టు ఉంటుందో చూసుకోండి అన్నాను. లోపలి వాళ్ళని ఒకసారి, అరుగు మీది వాళ్ళని ఒకసారి లెక్కపెట్టుకున్నాడు. తరవాత తాళం తీశాడు. పిల్లలు కదలబోతే నేను చెయ్యి అడ్డం పెట్టాను. తీసిన తాళం నాకు ఇవ్వాలన్నాను. ఇచ్చాడు. అది ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

అయితే గేటు తెరిచి ఉంటే చిన్నపిల్లలు రోడ్డు మీదకి పోతారని ఆయన గొణిగాడు. అది నిజమే. అందుకే ఆయన కుర్చీ గేటు దగ్గర వేయించాను. వచ్చే పిల్లల్ని లోపలికి పంపడం, పోయే పిల్లల్ని ఆపడం. ఆలస్యంగా వచ్చే ఆఖరి పిల్ల వచ్చేదాకా బడి పెద్ద ఆ కుర్చీలో కూర్చోవాలి. సందులో పోయేవాళ్ళంతా చూస్తారు. ఆయన్ని చూడాలనే నేను అక్కడ వేయించాను. క్షమించడం లాంటివి నాకు చేతకావని మొదట్లోనే చెప్పాను.

మర్నాడు చేపలావిడ కూతురు వచ్చేసరికి అందరూ లోపలికి వెళ్ళిపోయారు. చంకలో తమ్ముడు, భుజాన సంచి. ఆయన గడియారం చూసుకుని, అలవాటు చొప్పున, ఎందుకింత లేటు అని అడిగాడు. ఒకప్పుడు ఆయన చువ్వల అవతల నుంచి అడిగిన మాటే అది. ఆ పిల్ల సంచి కింద పెట్టింది. తమ్ముణ్ణి ఎత్తి ఆయన చేతుల్లో పెట్టింది.

“కాసేపు పట్టుకోండి సార్. ఎక్కం అప్పజెప్పీసి వత్తాను.”

ఆయన పట్టుకున్నాడు, పట్టుకోక ఏం చేస్తాడు. ముక్కు కారుతున్న ఆ పసివాడు ఆయన ఇస్త్రీ చొక్కాని రెండు గుప్పిళ్ళతో నలిపి, జేబులో పెన్ను లాగి నోట్లో పెట్టుకున్నాడు. నేను లోపల కిటికీలోంచి అదంతా చూశాను. నా కడుపు నిండిపోయింది. ఆ పిల్ల ఏడో ఎక్కం తప్పు లేకుండా అప్పజెప్పేసి, తమ్ముడి కోసం గుమ్మం వైపు పరుగెత్తబోయింది. నేను ఆపి, ఎనిమిదో ఎక్కం కూడా చెప్పి వెళ్ళమన్నాను.